రెండో చరణానికి ముందు

సంచీ ఒళ్ళోంచి దించలేకపోతోంది నోరీన్. పక్క కుర్చీ ఖాళీగానే ఉంది, కాళ్ళ దగ్గర కావలసినంత చోటుంది, అయినా రెండు చేతులూ సంచీ మీదే పెట్టుకుని గోడవారగా కూర్చుంది, పిల్లిని దాచుకుని బస్సెక్కిన మనిషిలాగ. చూసేవాళ్ళు చలికి ముడుచుకుందనుకుంటారు. బయట ఉత్తర ఇంగ్లండు బర్న్లీ వాన, ఆదివారం మధ్యాహ్నం వాన, గోడకానిన వీపుకు దాని చెమ్మ తెలుస్తూనే ఉంది. లోపల కార్మికుల క్లబ్బు హాలంతా టాల్కం పౌడరు వాసన, తడి కోట్ల వాసన, వంటగది కిటికీలోంచి ఉడికిన బటానీల వాసన. డాన్సుకు నేల మీద చల్లిన పౌడరు మీద అరవై దాటిన కాళ్ళు జారుతున్నాయి. మోకాళ్ళు మునుపటిలా వంగవు, వెనక్కి వాలి చేత్తో నేలను తాకి లేచే రోజులు పోయాయి, కానీ పాదాలు మాత్రం వయసు సంగతి ఎవరూ తమకు చెప్పలేదన్నట్టు జారుతున్నాయి. వాటినే చూస్తోంది నోరీన్. ముఖాలను చూస్తే పలకరిస్తారు. పలకరిస్తే సంచీ సంగతి అడుగుతారు.

"ఏమే నోరీన్, ఆ సంచీలో రాణీగారి నగలేమైనా ఉన్నాయా? అలా పట్టుకు కూచున్నావ్?" వంటగది కిటికీలోంచి ఐలీన్ అరవనే అరిచింది. చెప్పుల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు పక్కపక్క మిషన్ల మీద కుట్టినవాళ్ళు, మిషన్ల రొద మీదుగా మాట్లాడుకోవడం అలవాటైపోయి ఇప్పటికీ ఐలీన్‌కు మామూలు గొంతు రాదు.

"మందులే. వయసైపోయింది కదా."

"నీకా? రెండు చెంచాల బటానీలు తిను, అన్నీ తగ్గుతాయి."

నవ్వింది నోరీన్. నవ్వుతూ సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. అందులో ఉన్నది గుమ్మంలోంచే వెనక్కి పంపాల్సిన సరుకు. హాలు తలుపుకు మేకుతో కొట్టిన అట్ట ఉంది, ఒరిజినల్ రికార్డులు మాత్రమే అని. దొంగ ప్రింట్లు, మళ్ళీ అచ్చువేసినవి, మీరు తెచ్చినా మేము వినం అని కింద చిన్న అక్షరాలు. ఆ అక్షరాలు నోరీన్ భర్త వెర్నన్‌వి. 'వినం' కింద రెండు గీతలు కూడా వెర్నన్‌వే. బస్సు డ్రైవరు చేతిరాత, కాస్త ఎడమకు వాలి ఉంటుంది, మలుపు తిరుగుతున్నట్టు. అతను పోయి ఏడాదైంది. ఈ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. పోయినవాళ్ళ ఏడాదికి చివరి అరగంట వాళ్ళది, వాళ్ళకు ఇష్టమైన రికార్డులే వేస్తారు, ఆఖరిదానికి ఇంటివాళ్ళు ముందు ఒంటరిగా నేల మీదికి దిగాలి, తరవాతే మిగతా అందరూ. ఇవాళ ఆఖరి అరగంట వెర్నన్‌ది. ఆఖరి రికార్డు ఏదో ఎవరూ అడగనక్కరలేదు. డెట్రాయిట్‌లో ఎప్పుడో రెండే రెండు రికార్డులు వేసి మూతపడిన ఒక చిన్న కంపెనీది, ఊదారంగు లేబుల్ మీద పడవ బొమ్మ, డెలా మే ప్రూయిట్ అనే అమ్మాయి పాడింది. ఆ రికార్డు కోసం వెర్నన్ సగం జీవితం వెతికాడు. దొరకలేదు. అదే ఇవాళ ఇక్కడ రికార్డులు వేసే లెన్ తెస్తానన్నాడు, ఒరిజినల్. అదే పాట దొంగ ప్రింటు నోరీన్ సంచీలో ఉంది. ఈ గంట గడిచేలోగా ఈ రెంటిలో ఏది మోగాలో తను తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే లెన్ తేలుస్తాడు. లెన్‌కైతే అసలు అది ప్రశ్నే కాదు.

ఎవరో పౌడరు డబ్బా విదిలించారు. తెల్లటి పొగ లేచి, కిటికీ వెలుగులో కాసేపు నిలబడి, కూర్చుంది. వెర్నన్ వేళ్ళ మీద ఎప్పుడూ ఆ తెలుపు ఉండేది, గోళ్ళ అంచుల్లో. రికార్డును పట్టుకునేటప్పుడు మాత్రం రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకునేవాడు, రొట్టె ముట్టుకునేముందు కూడా అంత తుడుచుకునేవాడు కాదు. అంచుల మీద పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వాల్చేవాడు. పాట ఐపోయాక గాడికీ లేబుల్‌కీ మధ్య మిగిలే నున్నటి వలయం ఉంటుంది చూడు, ముందు అది చదవాలి, లేబుల్ ఎవడైనా అచ్చువేస్తాడు, పుట్టుమచ్చలన్నీ అక్కడుంటాయి, అనేవాడు. ఒరిజినల్‌కు అక్కడ యంత్రం నొక్కిన చిన్న బాణం గుర్తుంటుంది. దొంగదానికి ఎవడో మేకుతో గీకిన అంకెలుంటాయి. తరవాత గోటితో అంచు మీద ఒక్క దెబ్బ. ఒరిజినల్ గట్టి ప్లాస్టిక్, పింగాణీలా టిక్కుమంటుంది. దొంగది మెత్తన, మొద్దుగా పలుకుతుంది. లేబుల్ అతికించారా, వేడిలో నొక్కారా? అంచు కత్తిలా ఉందా, గుండ్రంగా ఉందా? చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన. పెళ్ళైన కొత్తలో ఇదంతా చూసి నోరీన్‌కు నవ్వొచ్చేది, తరవాత కొంతకాలం కోపమొచ్చింది, ఆ తరవాత ఎప్పుడో అదే అలవాటు తన గోటికీ పట్టుకుంది. కొత్త కప్పు కొన్నా, దుకాణంలో దువ్వెన చూసినా, గోరు దానంతటదే పోయి టక్కున కొట్టేది. ఆసుపత్రిలో చివరి వారం వెర్నన్ కళ్ళు తెరిచి, నర్సు పెట్టిన ట్రేను గోటితో కొట్టి, "గట్టిదే" అన్నాడు ఎంతో గంభీరంగా. పాపం ఆ నర్సు, ఈయనకు మతి తప్పిందనుకుని నోరీన్ వైపు జాలిగా చూసింది. మతి తప్పలేదమ్మా, సరిగ్గానే చెప్పాడు, అది గట్టిదే. నోరీన్ కూడా అప్పటికే కొట్టి చూసింది.

పాట మారింది. చప్పట్లతో మొదలయ్యే పాట. ఇది కాదు, ఇంకా వెర్నన్ అరగంట మొదలవలేదు. గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూసింది.

ఆ రోజు కూడా ఆదివారమే, మధ్యాహ్నమే, వానే. ఈ ఊళ్ళో అన్నీ వాన రోజులే కనక అదేం గుర్తుకాదు. పదిహేడేళ్ళు, ఆకుపచ్చ రెయిన్‌కోటు, అక్క చెప్పులు. మెట్లెక్కుతుంటే లోపలినుంచి పాట వినపడింది, డ్రమ్ము ముందు, తరవాత బాకాలు, తరవాత ఆ గొంతు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చేసి తలుపు దగ్గర నిలబడిపోయిన ఆడపిల్ల గొంతులాగుంది. ఎవరిదో ఏమిటో తెలియదు. మొదటి చరణం ఐపోయేలోగా జనాన్ని తోసుకుంటూ వేదిక ముందుకు వెళ్ళి నిలబడింది, దీని పేరేమిటో అడుగుదామని. వేదిక మీద ఒక సన్నటి కుర్రాడు తరవాతి రికార్డు తీద్దామని తిరిగాడు. తిరిగినవాడు ఆమెను చూశాడు. మోచెయ్యి తగిలిందో, చెయ్యి వణికిందో, ముల్లు ఎగిరి పడింది. టప్. హాలంతా ఉలిక్కిపడింది. మొదటి చరణం చివరినుంచి పాట ఒక్క దూకు దూకి రెండో చరణం అంచున పడింది. డాన్సు చేసేవాళ్ళంతా ఒకేసారి తూలి, "దిగరా కిందికి! బస్సే నడుపుకో పోరా!" అని ఈలలు, కేకలు. ఆ కుర్రాడు చెవులదాకా ఎర్రబడి నిలబడ్డాడు. పాట పేరేమిటి అని అడిగింది. చెప్పను, అన్నాడు. ఎవరికీ చెప్పకూడదు, నా ఒక్కడి దగ్గరే ఉంది. మరెప్పుడు చెప్తావ్? పెళ్ళయ్యాక, అన్నాడు, హాస్యానికే అన్నాడు, అని తనే కంగారుపడ్డాడు. ఆ ముల్లు పడ్డ చోట గాడిలో గీత పడింది. ఆ తరవాత ఆ రికార్డు ఎన్నిసార్లు మోగినా రెండో చరణానికి ముందు టప్పుమనేది. బల్ల కదిలింది, అనేవాడు వెర్నన్ ఎప్పుడడిగినా, హాలు నేల గుల్ల, అందరూ ఒకేసారి తొక్కితే బల్ల ఊగుతుంది. నలభై ఏళ్ళు అదే మాట. బల్ల ఊగలేదు. నోరీన్ చూసింది.

అందుకే ఆ టప్పు ఆమెది. ఎవరికీ చెప్పలేదు, చెప్పే మాట కాదు కూడా. కొందరికి మొదటి చూపుల ఫోటో ఉంటుంది, కొందరికి ఎండిన పువ్వు, తనకు గాడిలో ఒక గీత ఉంది, మోగే గీత. వెర్నన్ డాన్సులో కూడా అది చేరిపోయింది. ఆ టప్పుకే గిరుక్కున తిరిగేవాడు, తాళానికి కాదు, తాళం తరవాత అర మాత్ర ఆలస్యంగా, కాలు జారి నిలదొక్కుకున్న మనిషిలాగ. అతన్ని చూసి హాల్లో పదిమంది నేర్చుకున్నారు, పదిమందిని చూసి వందమంది. ఆ అర మాత్ర ఆలస్యం ఎక్కడిదో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఒప్పుకోరు, ఒకరు చెప్పరు.

తరవాత మాంచెస్టరునుంచి ఒకడొచ్చాడు, మందపు కళ్ళద్దాలవాడు, టేపులోకి ఎక్కించుకుని వచ్చే ఆదివారం ఇచ్చేస్తానన్నాడు. వెర్నన్ ఇచ్చాడు. మనుషులను కూడా అంచు చూసి గోటితో కొట్టి తెలుసుకోవచ్చనుకునే వయసు. వచ్చే ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. చలికాలానికి ఊరూరా సంతల్లో బల్లల మీద ఆ పాట దొంగ ప్రింట్లు గుట్టలుగా వచ్చాయి, ఊదారంగు కాస్త ఎర్రగా, పడవ కాస్త వంకరగా. వెర్నన్ ఒకటి తెచ్చి వంటింట్లో వేశాడు. డ్రమ్ము, బాకాలు, మొదటి చరణం. టప్. రికార్డు మీద వంగి చూశాడు, గీత లేదు. గాడి నున్నగా ఉంది. గీత లేకుండానే గీత మోగింది. తన రికార్డు మీదినుంచే ఎత్తారు, దాని గాయంతో సహా అచ్చువేశారు. మోకాలి మీద పెట్టి విరవబోయాడు, విరగలేదు. ఒరిజినలైతే పెళ్ళున విరిగేది, ఇది వంగి మళ్ళీ తిన్నగా అయింది. రెండోసారీ వంగి తిన్నగా అయింది. చివరికి పొయ్యిలో తోశాడు, వారంరోజులు ఇల్లంతా కంపు. ఆ వారమంతా నోరీన్ కిటికీలు తెరిచి పెట్టుకుని, అతని ముఖంలోకి చూడలేక, తన లోపల మెల్లగా రాజుకుంటున్న సంతోషాన్ని చూసి తనే భయపడుతూ తిరిగింది. అచ్చైనవి వెయ్యో రెండువేలో. ప్రెస్టన్‌లో, స్టోక్‌లో, వోల్వర్‌హాంప్టన్‌లో, తను ఎన్నడూ చూడని ఊళ్ళలో, చర్చి హాళ్ళలో, యువకుల క్లబ్బుల్లో, వెర్నన్ తనను చూసిన క్షణం టప్పుమని మోగుతోంది, ముక్కూ మొహం తెలియని పిల్లలు దాని మీద తిరుగుతున్నారు. శుక్రవారం జీతం తీసుకుని సంతకు వెళ్ళి ఒకటి కొనుక్కుంది. టవళ్ళ అల్మరాలో, క్రిస్మస్ పాటల కవరులో పెట్టింది. అతను మధ్యాహ్నం డ్యూటీలో ఉన్నప్పుడు తీసి వినేది. ఇంకో మగాడితో కలిసే ఆడది ఎలా ఉంటుందో అలాగే ఉండేది ఒళ్ళు, గుండె దడ, వీధి తలుపు వైపు ఒక చెవి. తన మొగుడితోనే, అదీ.

"నోరీన్, తల్లీ, లే. ఇటు రా." లెన్. రికార్డుల పెట్టెలు మోసి మోసి ఒక భుజం కిందికి దిగిపోయిన లెన్, వెర్నన్‌తో పాటు కండక్టరుగా చేరి, వెర్నన్‌తో పాటు రికార్డులు వేసి, ఇప్పుడు ఒక్కడే వేస్తున్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "వచ్చింది. అప్పిస్తానన్న లీడ్స్ ఆయన స్వయంగా తెచ్చిచ్చి వెళ్ళాడు. సాయంత్రం ఏడింటికి వచ్చి తీసుకుపోతాడట. దీనిమీద ఒక్క మరక పడితే నా రెండో భుజం కూడా దించేస్తాడట. రా, ముందు నువ్వు వినాలి. ఎవరికంటే ముందు నువ్వే."

సంచీతో లేచింది. వేదిక పక్క చిన్న గది, మడత బల్లలు, క్రిస్మస్ నక్షత్రాలు, ఒక పాత ప్లేయరు, హెడ్‌ఫోన్లు. లెన్ రికార్డును కవరులోంచి తీసిన తీరు చూస్తే ఎందుకో పుట్టిన బిడ్డను మొదటిసారి చూపించే మంత్రసాని గుర్తొచ్చింది.

"చూడు. బాణం ఉందా? ఉంది. అతికించిన లేబులే. కొట్టు, నువ్వే కొట్టు." కొట్టింది. టిక్. పింగాణీ. "వెర్నన్ గాడు ఉండాల్సింది," అని అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు లెన్.

ఉంటే బాగుండేది. కానీ ఉంటే ఏం వినేవాడు? అదే నోరీన్ భయం, ఏడాదిగా కాదు, నలభై ఏళ్ళుగా. గిన్నెలు తోముతూ తోముతూ ఆగిపోయేవాడు వెర్నన్, చేతులు నురగలోనే ఉంచి. "ఆ గీత కింద ఒక ఊపిరి ఉండేది నోరీన్. రెండో చరణం ఎత్తుకునే ముందు ఆ పిల్ల ఊపిరి తీసుకునేది. ఏదో చెప్పబోయి మానేసినట్టు. దాన్ని గీత మింగేసింది. ఒక్కసారి, మచ్చలేనిది దొరికితే ఒక్కసారి మళ్ళీ వినాలి." అలా అంటూ కిటికీలోంచి పెరటి గోడవైపు చూసేవాడు, గోడవతలి మనిషిని చూస్తున్నట్టు. ఆమె పక్కన నిలబడి పళ్ళేలు తుడిచేది. గీతకు ముందటి పాట. అంటే తను రాకముందటి పాట. తను మెట్లెక్కకముందు, రెయిన్‌కోటు తడవకముందు, వెర్నన్ తన గదిలో ఒక్కడూ కూర్చుని ఎవరూ తనను చూడకుండా, తను ఎవరినీ చూడకుండా విన్న పాట. అక్కడికి వెళ్ళాలని ఉంది ఇతనికి. ఆదివారమాదివారం పెట్టెల్లో, చనిపోయినవాళ్ళ ఇళ్ళలో, ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, ఇతను వెతుకుతున్నది తను లేని చోటు. పిచ్చి ఆలోచన అని తెలుసు, తెలిసినా ఆలోచన పోదు, దాన్ని ఎక్కడో మడిచి పెట్టి దాని మీద టవళ్ళు సర్దింది. అతను దుర్మార్గుడు కాదు. ఒక్కరోజు గట్టిగా మాట్లాడలేదు. చలికాలం పొద్దున్నే లేచి ఆమె బూట్లు పొయ్యి దగ్గర వెచ్చబెట్టి డ్యూటీకి వెళ్ళేవాడు. అయినా సరే, వెచ్చటి బూట్లలో కాళ్ళు పెడుతూ కూడా ఒక్కోసారి అనుకునేది, ఇతనికి నాకంటే ముందు ఏదో ఒక ఊపిరి ఉంది.

"పెట్టనా?"

తలూపింది. హెడ్‌ఫోన్లు చల్లగా ఉన్నాయి. డ్రమ్ము. అబ్బ, ఎంత దగ్గరగా ఉంది. దొంగ ప్రింటులో పక్కింట్లో కొట్టినట్టుండే డ్రమ్ము ఇక్కడ ఒళ్ళో కొట్టినట్టుంది. బాకాలు. గొంతు. తలుపు దగ్గర నిలబడ్డ ఆడపిల్ల, తలుపు ఇంత దగ్గరని తెలియదు, ఆ గొంతులో ఇంత జలుబుందని కూడా తెలియదు. మొదటి చరణం. నోరీన్ కళ్ళు మూసుకుంది. ఇప్పుడు. ఇప్పుడే. మెడ బిగిసింది, కాలి మడమ లేచింది.

ఏం లేదు. డ్రమ్ము డ్రమ్ములాగే వెళ్ళింది, బాకా ఒకటి మెల్లగా తగ్గింది, రెండో చరణం వచ్చింది. ఊపిరి లేదు. చెప్పబోయి మానేయడం లేదు. ఒక మామూలు పాటలో ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య ఉండే మామూలు చోటు, తుడిచిన పళ్ళెంలా ఉంది.

"మళ్ళీ," అంది. మళ్ళీ పెట్టాడు. లేదు. "ఇంకొక్కసారి."

"ఏమ్మా, ఏం వెతుకుతున్నావ్? ఒరిజినలేనమ్మా ఇది, నా మీద ఒట్టు."

"ఒరిజినలే. ఊపిరి కోసం చూస్తున్నా."

"ఊపిరా?"

"గీత కింద పాడే పిల్ల ఊపిరి తీసుకునేదని చెప్పేవాడు. దానికోసమేగా ఇన్నాళ్ళూ..."

లెన్ ఆమెను విచిత్రంగా చూశాడు. తరవాత తల గోక్కున్నాడు. "నీతో ఊపిరన్నాడా? నాతో కుర్చీ అన్నాడే! పియానో వాయించేవాడి కుర్చీ కిర్రుమనేదట అక్కడ. కాదురా, కుర్చీ ఏమిట్రా అంటే నాతో పందెం కూడా కాశాడు, దొరికిన రోజు చూద్దాం అని. బ్లాక్‌పూల్ వెళ్తుంటే బస్సులో ఇదే గొడవ. నువ్వు నమ్మవు, మూడు స్టాపులు ఆపకుండా పోయాడు." నవ్వబోయి ఆగాడు. "ఇందులో కుర్చీ కూడా లేదే."

"లేదు."

"మరేముంది?"

"ఏం లేదు లెన్."

హాల్లోంచి చప్పట్లు వినిపించాయి, ఎవరో ఏదో బాగా తిరిగినట్టున్నారు. నోరీన్ మడత బల్ల అంచు మీద కూర్చుంది. అతనికీ తెలియదు. అక్కడ ఏముందో అతనికే తెలియదు, గుర్తు లేదు, గీత పడగానే అతనికీ పోయింది. ఆ చోట ఒకసారి ఊపిరి పెట్టాడు, ఒకసారి కుర్చీ పెట్టాడు, గిన్నెలు తోముతూ ఒకటి, బస్సు నడుపుతూ ఒకటి. గోడవతల ఎవరూ లేరు. అసలు గోడకు అవతలంటూ లేదు. ఆ కుర్రాడు తిరిగి చూసిన క్షణానికి ముందు ఏం విన్నాడో అతనికే అందలేదు, అందక అటే చూస్తూ, తన పక్కన నిలబడి, ఇంతకాలం. పాపం వెర్నన్. తను కూడా, ఎవరి మీద ఇన్నేళ్ళు ఉడుక్కుంది? ఏడుపు వస్తుందేమో అనుకుంది, వచ్చింది నవ్వు, పొట్టలోంచి, ఐలీన్ నవ్వులాంటి మొరటు నవ్వు. దాని వెనకే అతను కావాలనిపించింది, ఉన్నపళంగా, ఈ మడత బల్ల మీద, ప్యాంటుకు చేతులు తుడుచుకుంటూ. ఊపిరి లేదురా, కుర్చీ లేదురా అని చెప్పి ఆ ముఖం ఎలా మారుతుందో చూడాలి. చెవులు ఎర్రబడతాయి. బల్ల ఊగింది నోరీన్, అంటాడు.

సంచీ తెరిచింది. క్రిస్మస్ పాటల కవరు తీసి లెన్ చేతిలో పెట్టింది. "ఆఖర్న ఇది వెయ్యి."

కవరులోంచి సగం లాగాడో లేదో లెన్‌కు తెలిసిపోయింది. అయినా చేతులు వాటి పని అవి చేశాయి, వెలుగుకు వాల్చాడు, నున్నటి వలయంలో మేకు గీతలు చూశాడు, గోటితో కొట్టాడు. మొద్దుగా పలికింది. "ఇది వెర్నన్ ఇంట్లో ఉందా?" గుసగుసలాడాడు, తలుపు వైపు చూస్తూ. "వాడికి తెలుసా?"

"తెలియదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"సంతలోకి వచ్చిన వారంనుంచి."

"ఓరి నాయనో! మొగుణ్ణి మోసం చేసినదాన్నైనా క్షమించొచ్చు గానీ..." అని నాలిక్కరుచుకున్నాడు. "నోరీన్, ఆ తలుపు మీద బోర్డు రాసింది ఎవరమ్మా? వాడి ఏడాది రోజున, వాడి ఆఖరి పాట, ఇంతమంది ముందు దొంగ ప్రింటు వేస్తే వాడి పరువేం కాను? పోయినేడు ఒక కుర్రాడు తెస్తే గుమ్మంలోంచే పంపాం. నా చేత్తో నేనెలా వేస్తాను?"

"నీ చేత్తో వెయ్యలేకపోతే పక్కకు జరుగు, నేనే వేసుకుంటా."

"పక్కన ఒరిజినల్ పెట్టుకుని!"

"ఆ ఒరిజినల్ లీడ్స్ ఆయనది లెన్. దాంట్లో వెర్నన్ లేడు. ఇందులో ఉన్నాడు."

 లెన్ రెండు రికార్డులనూ రెండు చేతుల్లో పట్టుకున్నాడు, ఏది బరువో తూచేవాడిలాగ. కింది భుజం ఇంకా కిందికి దిగింది. తరవాత ఒరిజినల్‌ను జాగ్రత్తగా కవరులో పెట్టి బల్ల మీద ఉంచి, గోడకున్న బింగో ఆట కాగితాల కట్టలోంచి ఒకటి చింపాడు. గుండ్రంగా కత్తిరించాడు, మధ్యలో చిల్లు పెట్టాడు. పాత రోజుల్లో ఒక రికార్డు ఒక్కడి దగ్గరే ఉంటే, పక్క ఊరివాళ్ళు పేరు చదివి వెతుక్కోకుండా లేబుల్ మీద తెల్లకాగితం అతికించి దొంగపేరు రాసేవాళ్ళు, అంత విలువైనవాటికే ఆ మర్యాద. ఆ కాగితాన్ని ఎర్రబారిన ఊదారంగు మీద, వంకర పడవ మీద అతికించాడు లెన్. జేబులోంచి పెన్ను తీశాడు.

"ఏం పేరు రాయను?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటి ఏమిటి, వాడి ఆఖరి పాట." ఆలోచించి రాశాడు. తిప్పి చూపించాడు. 'స్టాపులో ఆపని బస్సు డ్రైవర్ల బృందం.' ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా హాల్లోకి నడిచారు.

అరగంటలో ఏమేం వేశాడో నోరీన్‌కు సరిగా తెలియలేదు. ఎవరో టీ తెచ్చిచ్చారు, తాగింది. తెల్లటి వెలుగు కిటికీల్లోంచి మెల్లగా నీలంగా మారింది. లెన్ మైకులో వెర్నన్ పేరు చెప్పాడు, ఆఖరి రికార్డు మీద ముల్లు దించాడు. హాలు ఖాళీ అయింది, అందరూ గోడలకు జరిగారు. మధ్యలో పౌడరు మీద అడుగుల గీతలు. నోరీన్ దిగింది. డ్రమ్ము పక్కింట్లో మోగింది. నలుగురైదుగురు తలలు చటుక్కున లేవడం చూసింది, ఆ మసక చప్పుడు ఏమిటో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. వెనక్కి తిరగకుండా జారింది, ఎడమకు, కుడికి, చెమట తుడుచుకునే తువ్వాలు చేతిలోనే, ఎదురుగా ఉండాల్సిన మనిషి కోసం కాస్త చోటు వదిలి. బాకాలు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే దిగారు, కొందరు గడ్డాలు బిగించి, వెర్నన్ మీది గౌరవం కొద్దీ. నడుముకు తువ్వాలు దోపుకున్న ఒక బక్కాయన, పోయినేడు కుర్రాణ్ణి గుమ్మంలోంచి వెనక్కి పంపిన పెద్దాయన, గరిటె చేతిలోనే పట్టుకుని వంటగది గుమ్మంలో ఐలీన్. మొదటి చరణం ఐపోవచ్చింది. నోరీన్ మడమ లేచింది.

టప్.

హాలంతా తిరిగింది. తాళానికి కాదు, అర మాత్ర తరవాత, జారి నిలదొక్కుకున్న మనిషిలాగ, ఒకేసారి. బక్కాయన తిరిగాడు. దొంగ ప్రింటును ఎన్నడూ చేత్తో ముట్టలేదనే పెద్దాయన అందరికంటే చక్కగా తిరిగాడు. ప్రెస్టన్‌నుంచి వచ్చినవాళ్ళు తిరిగారు, వెర్నన్ డాన్సును ఎన్నడూ చూడనివాళ్ళు. వేదిక మీద లెన్ దిగిన భుజం గిరుక్కున ఎగిరింది. ఆ మలుపు మచ్చలేని ఒరిజినల్ విన్న కాళ్ళకు రాదు, ఎప్పుడో వెర్నన్‌ను చూసి నేర్చుకున్నదైతే ఇన్నేళ్ళు ఇంత కచ్చితంగా నిలవదు. చిన్నప్పుడు, పడగ్గదిలో, తలుపేసుకుని, సంతలో కొన్నదాన్ని వందసార్లు తిప్పి తిప్పి నేర్చుకుంటేనే వస్తుంది. తిరిగిన క్షణంలోనే వాళ్ళకూ తెలిసింది. ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు. పెద్దాయన ముఖం బీట్‌రూట్‌లా అయింది.

"ఓరి దొంగసచ్చినోళ్ళారా!" ఐలీన్ గరిటె పైకెత్తి అరిచింది. "అందరూనా?"

నవ్వు లేచింది, రెండో చరణం మీదుగా, ఆ గొంతు మీదుగా, ఎవరూ ఆగకుండానే, జారుతూనే నవ్వుతున్నారు. నోరీన్ మాత్రం నిలబడిపోయింది. వాళ్ళ కాళ్ళనే చూస్తూ తను తిరగడం మరిచిపోయింది. ఏడాదిగా దేనికోసం ఎదురుచూసిందో అది వచ్చి, హాలంతా నిండి, వెళ్ళిపోయింది. పాటలో అది ఒక్కసారే వస్తుంది. మిగిలిన పాటంతా ఆమె పౌడరు మీద అలాగే నిలబడి విన్నది. చుట్టూ మనుషులు జారుతున్నారు. ఆమె ఎదుట వదిలిన చోట్లోకి మాత్రం ఎవరూ రాలేదు.

పాట ఐపోయింది. చప్పట్లు. ముల్లు నున్నటి వలయంలో గీసుకుంటోంది. ఈ హాల్లో ఒక పాటను వెంటనే రెండోసారి వేయడం ఎన్నడూ లేదు, పోయినవాళ్ళ ఏడాదికి కూడా లేదు. నోరీన్ వేదిక దగ్గరికి నడిచింది, జనాన్ని తోసుకోనక్కరలేకుండానే, వాళ్ళే దారిచ్చారు.

"లెన్," అంది. "నేను తిరగలేదు."

లెన్ ఆమెను చూశాడు. తలుపు మీది అట్టవైపు చూశాడు. చేతులు రెండూ ప్యాంటుకు తుడుచుకుని, ముల్లెత్తి, మొదటి గాడి మీదికి తెచ్చాడు.